చేనును చేవ్రాలును



రైతు అను మాట చెవిని బడగానే మన కన్నులకు తలపాగ చుట్టుకొని, చేత ముల్లుగఱ్ఱ బట్టి, ఎడ్ల వెంట నడచు పురుషుడే కట్టెదుట నిలుచును. పిల్లల వాచకములలోని బొమ్మయు నదియే. అదే చేనిలో నడుము వంచి కలుపు తీయుచున్న స్త్రీ ఆ బొమ్మలోనికి రాదు. పరుల చేనైనచో ఆమెను కూలిది యందుము. సొంత చేనైనచో ఫలానావాని భార్య యందుము. ఇంటింటికి వచ్చి లెక్కలు వ్రాసికొనువారు "నీవేమి పని చేయుదువమ్మా?" యని యడిగినప్పుడు, కోడి కూయకముందు లేచి చేనికి బోయి ప్రొద్దు గూకిన పిదప తట్టతో మఱలివచ్చిన యిల్లాలే "ఏముంది సామీ, ఇంట్లోనే ఉంటా" యని బదులు చెప్పుట మేము పలుమాఱులు వింటిమి. అప్పటి కామె గోళ్లలోని యెఱ్ఱమన్ను వదలియుండదు.

మేమిప్పుడు కాపురముండునది కర్నూలు జిల్లాలోని యొక మెట్టపల్లె. మా వారచ్చటి బడిలో ఉపాధ్యాయులు. మా పుట్టినిల్లు కడప జిల్లా. కావున పుట్టిననాటి నుండియు చూచినది మెట్టసేద్యమే. 2022వ సంవత్సరమున నంద్యాల, అన్నమయ్య జిల్లాలు వేఱుపడి పటములోని గీతలు మాఱినవి గాని, వాన మాఱలేదు. ఏటికి 600 నుండి 700 మిల్లీమీటర్లు కురిసిన గొప్ప. అదియును రావలసినప్పుడు రాదు, వచ్చినప్పుడు నిలువదు. కె.సి. కాలువ క్రింది మాగాణుల వారి సంగతి వేఱు. మేము చెప్పబోవునది ఆకాశము వంక చూచుచు కూర్చుండు చేలను గూర్చి.

ఈ చేలలో ఏ పని యెవరిదో యొకసారి తఱచి చూతము. దుక్కి దున్నుట పురుషులది, ఇప్పుడది ట్రాక్టరుది. గొఱ్ఱు తోలుట పురుషులది. దాని వెంట నడచుచు జడ్డిగములో గింజలు జాఱవిడుచుట స్త్రీలది. ఎఱ్ఱనేలలో వేరుశనగ, కొఱ్ఱ, కంది, ఆముదము. నల్లరేగడిలో జొన్న, పత్తి, శనగ. ఏది వేసినను కలుపు స్త్రీలదే. వేరుశనగ చెట్టును పెఱికిన తరువాత ఒక్కొక్క కాయను తుంచునది స్త్రీయే. పత్తి యేరుట, కల్లములో తూర్పారబట్టుట, మఱుసటి యేటికి విత్తనమును బూడిదయు వేపాకును కలిపి కుండ కెత్తుట, ఇవియు స్త్రీలవే. ధాన్యము కాటాకెక్కునప్పుడు మాత్రము ఆమె యక్కడ నుండదు. రూపాయ లెవరి చేతి కందునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

మాకు చదువు చెప్పినవారు మా తండ్రిగారు. బడికంటె ఇంటి అరుగుమీదనే ఎక్కువ చదివితిమి. చిన్ననాట ఆయన కేతన తెనుగు చేసిన విజ్ఞానేశ్వరీయమును చదివించుచు స్త్రీధనమనగా నేమో విడమఱచి చెప్పిరి. పెండ్లినాడు అగ్నిసాక్షిగ ఇచ్చినది, అత్తవారింటికి తరలి వచ్చునప్పు డిచ్చినది, మగడు ప్రీతితో నిచ్చినది, తల్లియు తండ్రియు అన్నదమ్ములు నిచ్చినది స్త్రీధనమని మనువు లెక్కించెను. వినుట కింపుగా నున్నది. కాని కాత్యాయనుని మాట యొకటి కలదు: స్త్రీ తన చేతిపనితో గడించిన సొమ్ముపై స్వామ్యము భర్తదే నట. అనగా తనవా రిచ్చిన సొత్తు ఆమెది; తాను సంపాదించిన సొత్తు ఆమెది కాదు. మెడలోని గొలుసు తనది, కల్లములోని రాశి తనది కాదు. ఆ వయస్సున ఈ చిక్కు మాకు తోచలేదు. పల్లెకు వచ్చి పొదుపు సంఘపు స్త్రీల నడుమ కూర్చున్న పిమ్మట, కాత్యాయనుని గ్రంథమే చదువనివారు ఆయనకెట్లు బదులు చెప్పుచున్నారో చూచితిమి.

ఈ సంఘముల పుట్టుక కథ మన పాఠకురాండ్రలో పలువు రెఱిగినదే. కేంద్రప్రభుత్వమువారు 1982లో డ్వాక్రా యను పథకమును ప్రారంభించిరి. ఆ పథకము 1999లోనే మఱియొక పథకములో కలిసిపోయినను, నేటికిని మా యూర సంఘమునకు పేరు డ్వాక్రాయే. పథకములు పోవును, పేళ్లు నిలుచును. కాని సంఘములకు ప్రాణము పోసినది నెల్లూరు జిల్లా దూబగుంట. అచ్చట రాత్రిబడులలో నక్షరములు నేర్చుకొన్న స్త్రీలు 1992లో సారా వ్యాపారమున కడ్డము నిలిచిరి. ఆ యలజడి రాష్ట్రమంతట వ్యాపించి 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధింపబడినది. సారాయంగడికి పోవలసిన రూపాయి యింట మిగులగా, దానిని రోజుకొకటి చొప్పున దాచుకొందమను తలంపు పుట్టినది. పొదుపులక్ష్మి యను పేరట్లు వచ్చినది. రోజు కొక రూపాయి, నెలకు ముప్పది. పట్టణములలోని మనకది తాంబూలమునకైన చాలదు. కాని ఆ ముప్పది రూపాయలును మగడు ప్రీతితో నిచ్చినవి కావు, పుట్టింటివారు పెట్టినవి కావు. చేతిపనివలన వచ్చి చేతిలోనే నిలిచినవి.

మా కర్నూలు జిల్లాలో ఈ పనికి పేరెన్నిక గన్నది ఓర్వకల్లు. కర్నూలునుండి నంద్యాలకు పోవు త్రోవలో, రాళ్లగుట్టల నడుమ నుండు మండలము. 1990 తరువాతి దశకపు నడిమి కాలమున ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారు దక్షిణాసియా పేదరిక నివారణకై చేపట్టిన పని యచ్చట వేరూనినది. పదిమంది పదునైదుమంది స్త్రీ లొక సంఘము, సంఘములన్నియు కలిసి గ్రామసమాఖ్య, వానిపై మండలసమాఖ్య. ఓర్వకల్లు మండల పొదుపులక్ష్మి ఐక్యసంఘమునకు వెన్నెముకగ నిలిచిన విజయభారతిగారి పేరు ఈ జిల్లాలో తెలియనివారరుదు. సంఘమువారు బాలభారతి యను పాఠశాలనుగూడ నడుపుచున్నారు. బడిపంతులు ఇల్లాలిమి గనుక మాకా సంగతి విశేషముగ తోచినది. కలుపు తీయు స్త్రీలు బడి నడుపుట మా వారికిని వింతగనే యుండెను. 2000వ సంవత్సరమున వెలుగు అను పేర ప్రభుత్వమువా రిదే త్రోవను ఇతర జిల్లాలకు గొనిపోయిరి.

అంతయు పూలబాట యని చెప్పము. సంఘముల వెంబడి అప్పులవారును వచ్చిరి. వారము వారము గుమ్మములో నిలిచి వసూలు చేయు సూక్ష్మఋణ సంస్థల బాధ పడలేక ఆంధ్రదేశమున ఎన్ని కాపురములు కుంగినవో! 2010 అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి వారికి పగ్గము వేయవలసివచ్చినది. స్త్రీ పేర అప్పు సులభముగ పుట్టునని తెలియగానే ఇంటిలోని పురుషులును, వెలుపలి వ్యాపారులును ఆమె చేవ్రాలును వెదకికొని వచ్చిరి. చేవ్రాలు నేర్చుకొనుట యొక యెత్తు. ఎచ్చట చేయకూడదో నేర్చుకొనుట మఱియొక యెత్తు.

ఇందుకు మా యూరి సంగతి యొకటి చెప్పవలెను. మేమీ పల్లెకు వచ్చిన క్రొత్తలో సంఘమువారు తీర్మానముల పుస్తకము పట్టుకొని మా యింటికి వచ్చుచుండిరి. "అయివారమ్మా, రెండక్షరాలు రాసి పెట్టు తల్లీ" యని యడుగుదురు. నాలుగు నెలలు వ్రాసితిమి. పిదప వారిలోనే కొంచెము చదువు వచ్చిన కోడలిపిల్ల నొకతెను చేరదీసి, ఆమెచేతనే వ్రాయించుట మొదలిడితిమి. ఒత్తులు తప్పుగ పడును, దీర్ఘములు జాఱిపోవును. కానిండు. లెక్క తప్పలేదు.

ఆ సంఘములో నొక నడివయస్సు స్త్రీ కలదు. అందఱును ఆమెను పెద్దక్క యందురు. వారికి నాలుగెకరముల యెఱ్ఱచేను. ఆమె భర్త అప్పటికే మూడు బోర్లు వేయించెను, మూడును ఎండిపోయినవి. రాయలసీమలో బోరు కథ తెలియని యిల్లు లేదు. నీరు పడునేమో యను ఆశ యొక జూదము వంటిది. ఓడినకొలది మఱియొక పందెము వేయబుద్ధియగును. భారతములోని సభాపర్వము చదివినవారి కిది క్రొత్త కాదు. నాలుగవ బోరునకు భార్య పేర సంఘములో లక్షరూపాయలు తెమ్మని ఆయన పంపెను. ఆమె వచ్చి మూల కూర్చుండి అర్జీ చెప్పి తల వంచుకొన్నది. ఎవరును మాటాడలేదు. తుదకు పండు ముసలి యొకతె అడిగినది:

"బోరు నీదా, ఆయనదా?"

"ఆయనదే పెద్దమ్మా."

"చేను?"

"ఆయన పేరునే ఉండాది."

"మరి అప్పు?"

"అప్పు మాత్రం నాదే."

నవ్వుదురేమో యనుకొంటిమి. ఒక్కరును నవ్వలేదు. ఆ రోజు మూడు గంటలసేపు చర్చ జరిగినది. బోరుకు అప్పు లేదని, రెండు గొఱ్ఱెలకును విత్తనములకును ఇరువదివేలు ఇత్తుమని తీర్మానించిరి. పెద్దక్క వ్రేలిముద్ర వేయలేదు. నేర్చుకొన్న చేవ్రాలు చేసినది. మఱునాడు ప్రొద్దుననే ఆమె భర్త మా వారికడకు వచ్చి "ఏం సారూ, ఆడోళ్లు నా సేద్యం మీద తీర్మానం చేసేంతవరకు వచ్చిందా?" యని కేకలు వేసెను. మా వారు మెత్తగ, "సేద్యము మీద కాదయ్యా, అప్పు మీద చేసిరి" అనిరి. ఆ యేట ప్రక్క చేనివారు బోరు వేయింపగా నీరు పడినది. కావున ఆయన కోపము నేటికిని తీరలేదు. గొఱ్ఱెలు మాత్రము ఇప్పుడు తొమ్మిది.

ఇక శిక్షణల సంగతి. పూర్వము పల్లెకు వచ్చి శిక్షణ యిచ్చుట యనగా, కుర్చీలు వేయించి, మైకు పెట్టి, ముందువరుసలో పురుషులను కూర్చుండబెట్టి యుపన్యసించుట. వెనుక వరుస స్త్రీలకు బిస్కత్తులును టీయును దక్కును. ఫోటో తీయునప్పుడు మాత్రము వారిని ముందునకు పిలుతురు. ఎక్కడనని పేరు చెప్పము. ఈ సీమలో నెల్లయెడల చూచినదే.

కొంతకాలమునకు వేఱొక పద్ధతి వచ్చినది. 2014లో ఏర్పడిన రైతు సాధికార సంస్థవారు 2015-16 ప్రాంతమునుండి ప్రకృతి సేద్యమును స్త్రీల సంఘముల ద్వారమున ప్రచారము చేయజొచ్చిరి. మహారాష్ట్రమునకు చెందిన సుభాష్ పాలేకర్‌గారు చెప్పిన పద్ధతి దీనికి మూలము. మా యూరికి వచ్చిన శిక్షకురాలు అధికారిణి కాదు. ప్రక్క మండలమున మూడెకరములు సాగుచేయు స్త్రీ. కల్లములో నేలపై కూర్చున్నది. మొట్టమొదట "మీ చేన్లో వానపాములు చూసి ఎన్నేండ్లాయె?" యని అడిగినది. ఒకరి ముఖ మొకరు చూచుకొనిరి. ఉపన్యాసము లేదు, పీపా తెచ్చి చేసి చూపినది. ఆవుపేడ పది కిలోలు, ఆవుపంచితము పది లీటర్లు, రెండు కిలోల బెల్లము, రెండు కిలోల పప్పుల పిండి, గట్టుమీది పిడికెడు మన్ను, 200 లీటర్ల నీరు. రెండు దినములు నీడను ఉంచి యెకరమునకు చల్లవలెను. అదియే జీవామృతము. ఆ సాయంకాలము మా బడిగోడపై చిన్న ప్రొజెక్టరుతో ఇతర గ్రామముల రైతుస్త్రీల పనులను బొమ్మలుగ చూపిరి. తమవంటి చీర కట్టుకొని, తమ మాటయే మాటాడు స్త్రీ గోడమీద కనబడగా మా వారు (సంఘపు స్త్రీలను గూర్చి చెప్పుచున్నాము) కన్ను రెప్ప వేయలేదు.

అన్నిటికంటె వింతయైనది వానకు ముందు విత్తుట. వైశాఖమాసపు టెండలలో, నేల పగుళ్లు వాఱియుండగా, కొఱ్ఱ, సజ్జ, అలసంద, అనుము, కంది, ఆముదము మున్నగు పలువిధముల విత్తనములను బంకమన్నును బూడిదయు జీవామృతమును పట్టించి, ఆఱబెట్టి చల్లుదురు. తొలకరి చినుకు పడువఱకు గింజ పూతలో నోపికగ నుండును. చినుకు పడగానే లేచి నేలను కప్పును. అదనుకు ముందు విత్తరాదని నేర్చినవారము; మాకును నమ్మకము కుదురలేదు. ఊరివారు నవ్విరి. సంఘములో నలుగురు మాత్రము తలకొక అరయెకరము విడిచి చల్లిరి. ముగ్గురి చేలు పచ్చబడినవి. నాలుగవ యామె చేను రాతినేల, గింజలు చీమలపాలైనవి. ఆమె నష్టమును సంఘములో చెప్పినప్పుడు శిక్షకురాలు తప్పించుకొనక, "ఆ నేలకు ముందు ఆకులలములు కప్పవలసియుండె" నని ఒప్పుకొన్నది. ఈ యొప్పుకోలే మాకు శిక్షణలోని మేలి భాగముగ తోచినది. దిగుబడి పెరిగినదని గొప్పగ చెప్పువారున్నారు. మా యూర ఒక యేడు పెరిగినది, ఒక యేడు తఱిగినది. ఎఱువుల యంగడిలోని ఖాతా మాత్రము చిక్కిపోయినది. ఆ ఖాతాయే గదా సీమలో నెందఱి మెడకో ఉరియైనది!

అయినను ఒక మాట యడుగకుండ నుండలేము. జీవామృతమను పేరు వీనులకు విందుగానే యున్నది. ఆ పీపాను పూటపూటకు కఱ్ఱతో కలియబెట్టు చేయి యెవరిది? తెల్లవాఱక ముందు పంచితము పట్టునదెవరు? వేపగింజలు దంచునదెవరు? అంగడి మందు కొట్టుట పురుషుల పనిగ నుండెను. అది పోయి కషాయము వచ్చునప్పటికి స్త్రీల పనియైనది. ఖర్చు తగ్గినదనునప్పుడు ఆమె ప్రొద్దునకు వెల కట్టిరా? శిక్షణలు పెట్టువారు ఒక పూట పురుషులకుగూడ పీపా ప్రక్కన పాఠము చెప్పిన బాగుండును.

ఈ పని ఖండాంతరములకును తెలిసినది. 2024 జూలైలో పోర్చుగల్ దేశపు లిస్బన్ నగరమున గుల్బెంకియన్ మానవతా బహుమతిని మన ప్రకృతి సేద్యమునకు, ఈజిప్టులోని సెకెం సంస్థకు, మృత్తికాశాస్త్రజ్ఞులు రతన్‌లాల్‌గారికి పంచి యిచ్చిరి. మన తరపున నచ్చటికి వెళ్లినవారిలో నెట్టెం నాగేంద్రమ్మగారను రైతుస్త్రీ యుండిరి. 2026వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితివారు అంతర్జాతీయ మహిళారైతు సంవత్సరముగ ప్రకటించిరి. స్త్రీలకును పురుషులతో సమానముగ వనరులు దొరికినచో వారి చేలలో దిగుబడి నూటికి 20 నుండి 30 వఱకు పెరుగవచ్చునని ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థవారు 2011లోనే లెక్క గట్టిరి. సమానముగ వనరులనగా విత్తనము, నీరు, అప్పు, శిక్షణ, అన్నిటికిని మొదటిదియైన భూమి.

అదిగో, చిక్కంతయు నచ్చటనే. పెద్దక్క చెప్పిన "ఆయన పేరునే ఉండాది" యను మాట దేశమంతటి మాట. 2015-16 వ్యవసాయ గణనలో మన దేశపు సాగు కమతములలో స్త్రీల పేర నున్నవి నూటికి 14 కూడ నిండలేదు. విస్తీర్ణములో నూటికి 12 లోపే. పట్టా లేనిదే పంటయప్పు పుట్టుట కష్టము; భీమా కష్టము; కఱవు వచ్చినప్పుడు పరిహారము కష్టము; తుదకు భర్త పోయినప్పుడు రైతు భార్యగనే కాని రైతుగ లెక్కకు రాదు. స్వామినాథన్‌గారు రాజ్యసభ సభ్యులుగ నున్న కాలమున స్త్రీరైతుల హక్కులకై యొక బిల్లు ప్రవేశపెట్టిరి. అది చట్టము కాకయే 2013లో గడువు తీరిపోయినది. చట్టము లసలే లేవా యనిన, ఉన్నవి. ఆంధ్రప్రదేశములో 1985 సెప్టెంబరు నుండియే, అప్పటికి పెండ్లికాని కూతురికి, తాతతండ్రుల యాస్తిలో కొడుకుతో సమానభాగ మిచ్చిరి. దేశమంతటికి ఆ హక్కు 2005లో వచ్చినది. కూతురు పెండ్లియైనదా కాలేదా యను విచారణతో పని లేకుండ పోయినది. చట్టము పుట్టి నాలుగు పదులు కావచ్చినను మా పల్లెలో భాగ మడిగిన ఆడుబిడ్డ యొక్కతెయు లేదు. అడిగినచో పుట్టింటి గడప మూతపడునను భయము. పసుపుకుంకుమల క్రింద నొక చీర చాలునని కూతుళ్లే చెప్పుదురు.

ఈ సంగతులు మేము చట్టపుస్తకము చూచి సంఘమువారికి రెండు సమావేశములలో వివరించితిమి. తీర్మానములు వ్రాయు కోడలిపిల్ల శ్రద్ధగ వ్రాసికొన్నది. పెద్దక్క అంతయు విని, కొంగుతో ముఖము తుడుచుకొని, "ఆయనతో మాట్లాడి రెండెకరాలు నా పేరున రాయించుకుంటా. ఆయన ఒప్పుకొంటాడో లేదో, అడుగుతా" నన్నది. ఆమె యడిగినది. మూడు నెలలు గడచినవి. ఆయన ఒకనాడు సరే యనును, ఒకనాడు బోరుకు అప్పిప్పించిన సరే యనును. సంఘము రెంటిని ముడివేయనీయక పట్టుబట్టుకొని కూర్చున్నది. కాగితములు మా వారి బల్లపెట్టెలో నున్నవి.

ఆ సమావేశముననే పండు ముసలి మా వైపు తిరిగి, "అయివారమ్మా, అన్నీ చెప్తివి. కడపలో మీ నాయన చేను ఉందంటివే, నీ భాగం సంగతేంది?" యని యడిగినది. మా తండ్రిగారు పోయి ఆఱేండ్లయినది. ఆ మూడెకరముల చేనిని అన్నగారు కౌలు కిచ్చినారు. మాకు సంక్రాంతికి చీరయు, ఒక మూట కొఱ్ఱలును వచ్చుచున్నవి. అన్నగా రన్న మాకు మిక్కిలి ప్రీతి, వదినగారు కన్నతల్లి వంటివారు. సంఘమున నందఱును మా ముఖము వంక చూచుచుండిరి. ఫోనులో చెప్పు మాట కాదని, ఆ రాత్రి మా వారితో నాలోచించి, అన్నగారికి జాబు వ్రాసితిమి. మర్యాద తప్పకుండ, చట్టము పేరెత్తకుండ, చేని విషయమై మాటాడవలసియున్నదని మాత్రము వ్రాసి చేవ్రాలు చేసితిమి. జాబు చేరినట్లు తెలిసినది. మొన్న వదినగారు ఫోను చేసి పిల్లల కుశలము, మా యూరి వానల సంగతి అడిగిరి. జాబు మాట యెత్తలేదు, మేమును ఎత్తలేదు. వచ్చు నెల రెండవ మంగళవారము సంఘపు సమావేశము కలదు.